గరిఫాలియా అత్త ఆవలింత

మా గరిఫాలియా అత్త పోయిన మూడో నెలలో నేను ఆమెకి ఫోన్ చేశాను.

కావాలని చేయలేదు. సహకార సంఘం గానుగలో నూనె పరీక్షించడం నా ఉద్యోగం. ఆ మధ్యాహ్నం గాజు గొట్టం మీది అంకెల్లో సగం మాయమైపోయాయి. కాసేపటికి కంటి కొసన వెలుగు రంపపు పళ్లలా వణకసాగింది. అది మొదలైందంటే ఇరవై నిమిషాలే గడువు. తర్వాత ఎడమ కణతలో మేకు దిగడం మొదలై సాయంత్రం దాకా దిగుతూనే ఉంటుంది. పదిహేడో ఏట నుంచీ నెలకి ఆరేడుసార్లు ఇదే తంతు, ఇప్పుడు నాకు నలభై మూడు. ఇన్నేళ్ల అలవాటు కదా, చెయ్యి దానంతటదే అత్త నంబరు నొక్కేసింది.

అవతల ఎవరో ఎత్తారు. హలో అనలేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆ తర్వాత ఒక ఆవలింత వినిపించింది, దవడ ఊడిపోతుందేమో అన్నంత పొడుగ్గా. ఫోన్ నా చేతిలోంచి జారి నూనెలో పడింది.

ఆ ఆవలింత ఏమిటో మా క్రీటు దీవిలో ఎవర్నడిగినా చెబుతారు. పళ్లెంలో నీళ్లు పోసి, నూనె చుక్క వేసి, మనిషి పేరు తలుచుకుని నాలుగు ముక్కలు లోలోపల చదువుతారు. చుక్క చెదిరిపోతే దిష్టి ఉన్నట్టు. చదివేవాళ్లకి ఆవలింతలొచ్చి కళ్లమ్మట నీళ్లు కారితే, అవతలివాళ్ల తలనొప్పి ఇవతలికి వచ్చేసినట్టు. మనిషి ఎదురుగా ఉండక్కర్లేదు, ఫోన్ చాలు, అదీ లేకపోతే పేరు చాలు. మా నాన్న అక్కగారైన గరిఫాలియా అత్త నాకు ఇరవై ఆరేళ్లు ఫోన్లోనే దిష్టి తీసింది. చివర్లో "తూ, తూ, తూ, పోయిందిలే, పడుకో పిల్లా" అనేది. నేను ఇలాంటివి నమ్మను. నమ్మకపోయినా ఫోన్ మాత్రం మానలేదు, మేకు ఆగకపోయినా పదును కాస్త తగ్గేది.

ఆ రోజు అరగంట గడిచినా మేకు దిగలేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. కారు తీసి కొండమీది ఊళ్లో నాన్న ఇంటికి పోయాను. అత్త పెళ్లి చేసుకోలేదు, తమ్ముడి దగ్గరే ఆ ఇంట్లో బతికింది, అందులోనే పోయింది. బడి అయ్యాక నా కూతురు రోదాంథి సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. మా ఆయన ఓడల మీద మెకానిక్కు, ఏడాదిలో నాలుగు నెలలే ఇంట్లో ఉంటాడు.

వంటింట్లో నాన్న కొండమీద కోసిన ఆకుకూర ఏరుతున్నాడు. బల్ల మీద పళ్లెం ఉంది, పళ్లెంలో నీళ్లు, నీళ్ల మీద చెదిరిన నూనె.

"ఫోన్ ఎవరెత్తారు?"

"నేనే," అంది రోదాంథి. పదకొండేళ్ల పిల్ల, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నీ నంబరు కనిపించింది. వెంటనే చదివేశా. చదివేటప్పుడు మాట్లాడకూడదుగా, అందుకే పలకలేదు. తగ్గిందా అమ్మా?"

నేను నాన్న వైపు తిరిగాను. ఆయన ఆకుకూరలోకి మరీ శ్రద్ధగా చూస్తున్నాడు. ఆ నాలుగు ముక్కలూ మగవాడు ఆడదానికే చెప్పాలి, ఆడది మగవాడికే చెప్పాలి. లేకపోతే పనిచేయవు. అత్త తన తాత దగ్గర నేర్చుకుంది. పోయేముందు తమ్ముడికి చెప్పింది.

"దీనికి నేర్పావా? ఈ పిల్లకి?"

"మరి నాతో పాటు పాతిపెట్టమంటావా? నీకు చెబుదామంటే నువ్వు నవ్వుతావు."

"నువ్వే తీయొచ్చుగా!"

"తీశానమ్మా, అక్క పోయాక నాలుగుసార్లు. ఆవలింత రాదు. నేను మొద్దుని."

"ఆ ఒక్కటీ నిజం చెప్పావు," అన్నాను.

నాన్నకి కోపమొచ్చింది. పిల్లని పెరట్లోకి పంపి, చేతిలో కూర పక్కన పడేశాడు.

"అక్క మొద్దు కాదు. అదే దాని కర్మ. నువ్వు ఫోన్ పెట్టేశాక ఏం చేసేదో తెలుసా? కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి పడుకునేది. మర్నాడు మధ్యాహ్నం దాకా లేచేది కాదు. పక్కన బకెట్టు. నేను చెంచా కింద పెట్టినా ఉలిక్కిపడేది."

"ఎన్నిసార్లు?"

"నువ్వెన్నిసార్లు చేస్తే అన్నిసార్లు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నన్ను నోరెత్తనిచ్చిందా? తెలిస్తే నువ్వు ఫోన్ మానేస్తావట."

ఇంటికొచ్చి బుర్ర పెట్టి ఆలోచించాను. ఈ తలనొప్పి వంశంలో వచ్చే జబ్బని పట్నం డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. అత్తకీ ఉండి ఉంటుంది, గాలి మారిన రోజున ఇద్దరికీ ఒకేసారి వచ్చి ఉంటుంది. అంతే అయ్యుండాలి. అయినా అప్పట్నుంచీ నొప్పొచ్చి తలుపులు మూసుకుని పడుకుంటే, ఆ చీకటి గదిలో నేనొక్కదాన్నే ఉన్నట్టు అనిపించేది కాదు. మంచానికి అవతల ఎవరో పళ్లు బిగబట్టి నొప్పి ఓర్చుకుంటున్నట్టు ఉండేది. నేను మూలిగితే ఆ మనిషి మూలుగు ఆపేది.

రోదాంథి చేత మరియమాత పటం ముందు ఒట్టు వేయించాను, నాకోసం ఇంకెప్పుడూ పళ్లెం ముట్టనని. "అత్తకి చేసింది చాలు, నా కడుపున పుట్టినదానికి చేయలేను" అని పటానికి కూడా చెప్పుకున్నాను.

డాక్టరమ్మ నాకు మందుతో పాటు మూడు ముక్కలు రాసిచ్చింది. వేళకి తిను, వేళకి పడుకో, రోజూ నడువు. "కదలడం మానేశావంటే అది నీ ఇంట్లో మకాం పెడుతుంది" అంది. అందుకే అత్త ఉండగానే కాలిరోయి నడిపే కొండనడక గుంపులో చేరాను. ఆవిడ రిటైరైన మంత్రసాని, అరవై ఆరేళ్లొచ్చినా మేకలు ఎక్కని చోటికి కూడా ఎక్కుతుంది. ఏటా మే నెల మూడో ఆదివారం ఆ గుంపు కొండకొమ్మున ఉన్న గుడికి నడుస్తుంది. వరుసగా మూడేళ్లు నేను సగం దారిలో, నీళ్లతొట్టి దగ్గర తలపట్టుకుని వెనక్కి తిరిగాను. కాఫీ కొట్టు ముందు కూర్చునే ముసలాళ్లకి అదొక కాలక్షేపం. "ఆర్గిరో, ఈ ఏడు ఏ రాయి దాకా?" అని అడుగుతారు. నాకు ఒళ్లు మండేది. గుడికోసం కాదు, దేవుడికోసం కాదు, నెలకి ఆరేడు రోజులు మంచానికి అంటుకుపోయే ఈ ఒంటి చేత ఒక్కసారి నా మాట వినిపించాలని ఉండేది.

ఆ ఆదివారం పొద్దున్నే ఆకాశం ఇటుకపొడి రంగులో ఉంది. దక్షిణపు గాలికి సముద్రం దాటి దుమ్ము వచ్చిపడింది. కార్ల మీద వేలితో పేర్లు రాసుకోవచ్చు. పిల్లని నాన్న దగ్గర దింపాను. అది ఆకాశం వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఒట్టు గుర్తుందా?" అన్నాను.

"ఉంది," అంది.

కాలిరోయి నన్ను చూసి పెదవి విరిచింది. "ఆఫ్రికా అంతా మన నెత్తిన పడిందే ఇవాళ. ఉండిపోతావా?"

"ఉండిపోతే ఆ ముసలాళ్లకి పండగ."

"వాళ్ల మొహం! వాళ్లు కొట్టు మెట్లెక్కడానికే ఇద్దరు మనుషులు కావాలి. పద."

నీళ్లతొట్టి దగ్గరికి చేరేసరికి ముందు నడుస్తున్న మనిషికి వీపు ఉంది, తల లేదు. తర్వాత రంపపు పళ్లు మొదలయ్యాయి. మందు మింగి రాయి మీద కూలబడ్డాను. కాలిరోయి గుంపుని పంపేసి నా పక్కన కూర్చుని ఎండు రొట్టె తడిపి ఇచ్చింది. నేను కళ్లు మూసుకుని మేకు కోసం చూశాను. ఇరవై నిమిషాలైంది, నలభై అయింది. అది రాలేదు.

"మందు పనిచేసింది," అన్నాను.

"ఇన్నేళ్లుగా పనిచేయని మందా?" అంది కాలిరోయి.

జేబులో ఫోన్ ఉంది. ఆ తొట్టి దగ్గర సిగ్నల్ కూడా బాగా వస్తుంది. నాన్నకి చేసి, పిల్ల ఏం చేస్తోందని అడగడానికి నిమిషం పట్టేది కాదు. చేయలేదు. ఈ ఒక్క మాట దాచి ఈ కథ చెబితే నేను అబద్ధం చెప్పినట్టే. నాకు అనుమానం వచ్చింది, దాన్ని అణిచేశాను, లేచి పైకి నడిచాను.

గుడి అంటే రొట్టెల పొయ్యి అంత ఉంటుంది. పంతొమ్మిది మందిమి దాని చుట్టూ నిలబడ్డాం. పూజారి దీవించి రొట్టె పంచాడు, ఎవరో జున్ను కోశారు, ఎవరో సారా పోశారు, ఒకడు ఒళ్లో లీరా ఫిడేలు పెట్టుకుని వాయించాడు. నేను చేతులు కలిపి వలయంలో ఆడాను. ఐదేళ్లయింది ఆడి. గంతు వేసినప్పుడల్లా తల లోపల ఏదో తగులుతుందని ఎదురుచూశాను, ఏమీ తగల్లేదు. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా లేదు. ఒట్టు.

దిగి నాన్న ఇంటికొచ్చేసరికి ఐదు దాటింది. ఆయన గుమ్మం మెట్ల మీద టోపీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఏ రాయి దాకా వెళ్లావని అడగలేదు.

"పదిన్నరప్పుడు పిల్ల నా మీసంలో సగం లేదంది," అన్నాడు. "ఆట పట్టిస్తోందనుకున్నా."

అత్త గదిలో కిటికీలు మూసి ఉన్నాయి, సందుల్లో గుడ్డలు ఉన్నాయి. అవి కుక్కింది నాన్నేనట, ఆ పని ఆయనకి బాగా తెలుసు. మంచం మీద నా కూతురు మోకాళ్లు ముడుచుకుని, ఎడమ కణత అరచేత్తో నొక్కుకుని పడుకుంది. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఎక్కావా అమ్మా?"

"ఎక్కాను."

"పైదాకా?"

"పైదాకా. ఒట్టు వేశావు కదే, బంగారం..."

"మరియమాతకి ముందే చెప్పుకున్నా. నువ్వు కనుక పైకెక్కితే ఆవిడేమీ అనుకోదులే అనుకున్నా." నవ్వబోయి, బకెట్టు కోసం చెయ్యి చాచింది.

తల్లికి ఉంటే సగం మంది పిల్లలకి వస్తుందని, ఆడపిల్లలకి ఈ వయసులోనే మొదలవుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ దుమ్ము నా మీద పడినట్టే దాని మీదా పడింది. ఇవన్నీ నాకు తెలుసు, గడగడా అప్పజెప్పగలను. ఆ గదిలో నిలబడితే ఒక్కటీ ఆదుకోలేదు.

నాన్న దగ్గరికి పోయాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటే ఇదే. "నాన్నా, ఆ ముక్కలు నాకు చెప్పు."

వేరే రోజైతే ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు. ఆ రోజు నా చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పాడు. మూడుసార్లు చెప్పించుకున్నాను. మామూలు మాటలే, జోలపాటంత ఉన్నాయి.

పళ్లెంలో నీళ్లు పోశాను. చుక్క వేశాను. చెదిరింది. మంచం పక్కన కూర్చుని దాని పేరు తలుచుకుని చదివాను. ఇరవై ఆరేళ్లు ఆ నొప్పిని పొమ్మని తిట్టాను, ఏడ్చాను, మొక్కాను. ఇప్పుడు రమ్మని బతిమాలాను. దారి నీకు తెలిసిందే కదా, రా, ఇది చిన్నపిల్ల, నేను అలవాటైనదాన్ని అని అడిగాను. రెండోసారి చదివాను. మూడోసారి చదివాను.

"వచ్చిందా?" గుమ్మంలోంచి నాన్న గొంతు.

"లేదు."

నోరు తెరిచాను. దవడ నొప్పెట్టేదాకా సాగదీసి, గట్టిగా ఊపిరి లాగి ఆవలించాను.

రోదాంథి ఒక కన్ను తెరిచింది. "అమ్మా, అది దొంగ ఆవలింత," అంది. నా చెయ్యి తట్టింది. "పర్లేదులే. పొద్దుట్నుంచీ నడిచావుగా, పోయి పడుకో."

నా తల ఎన్నేళ్లకో అంత తేలిగ్గా ఉంది. దాన్ని గోడకేసి కొట్టుకోవాలనిపించింది.