చిక్కుడు పందిరి మూల

బైండింగు మేస్త్రికి పెరటి మొక్కల మీద ఏనాడూ ధ్యాస లేదు. పెరడు ఆయన భార్యది. వీధిలో అందరూ ఆవిడని టీచరమ్మ అంటారు. చిక్కుడు పందిరి, టమాటా మడి, గులాబీ అంట్లు అన్నీ ఆవిడ చేతి చలవే. మేస్త్రి పొద్దస్తమానం కొట్లో పుస్తకాలు కుట్టి, జిగురంటిన వేళ్లతో ఇంటికొచ్చి పెరటి కుళాయి దగ్గర కడుక్కునేవాడు. ఆ మట్టితో ఆయనకి అంతకుమించి పని ఉండేది కాదు. అలాంటి మనిషి వానలు మొదలైన దగ్గర్నుంచి పెరడు వదలడం లేదు. పక్కింటి కాంపౌండరు కుక్కలు రెండు, ప్రహరీ గోడ విరిగిన చోట దూరి, సరాసరి చిక్కుడు పందిరి మూలకెళ్లి తవ్వుతున్నాయి.

ఆ మూలలో ఏముందో ఇంట్లో ఆయనొక్కడికే తెలుసు. అక్కడ బొగ్గు ఉంది.

బొగ్గు టీచరమ్మ పెంచిన కుక్క. తొమ్మిదేళ్ల కిందట బడి మెట్ల కింద దొరికిన కూన. ఒంటిమీద తెల్ల వెంట్రుక వెతికినా దొరకదు. ఆవిడ బడికెళ్తుంటే వీధి మలుపు దాకా సాగనంపి వచ్చేది. మేస్త్రిని మాత్రం ఇంట్లో అద్దెకున్న మనిషిని చూసినట్టు చూసేది.

చలికాలం చివర్లో టీచరమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేశారు, నెలన్నర ఆసుపత్రిలోనే ఉంచారు. ఆ రోజుల్లోనే పందికొక్కులు పెరడంతా గుల్ల చేశాయి. ఆవిడ తిరిగొచ్చేసరికి తోట తోటలా ఉండాలని మేస్త్రి తాపత్రయపడ్డాడు. వెళ్లి ఎలుకల మందు తెచ్చాడు. "మందు మాత్రం పెట్టకండి, బొగ్గు మట్టి కెలుకుతుంది" అని ఆవిడ ఎన్నోసార్లు చెప్పిన మాట గుర్తులేక కాదు. లోతుగా పెడితే ఏం కాదులే అనుకున్నాడు. పిండి ఉండల్లో కలిపి, జానెడు లోతున పెట్టి, మట్టి కప్పి, క్యారియరు తీసుకుని ఆసుపత్రికెళ్లాడు. తిరిగొచ్చేసరికి బొగ్గు కుళాయి పక్కన పడి ఉంది. అప్పటికే బిగుసుకుపోయింది.

అది పడుకునే పాత నీలం చీరలోనే చుట్టి, పందిరి మూల గొయ్యి తీశాడు. నేల రాయిలా ఉంది. అవతల ఆవిడ రాత్రి భోజనానికి ఎదురుచూస్తుంటుంది. మోకాలి లోతుకే చాలించాడు.

"గేటు తీసి ఉంటే వెళ్లిపోయింది. వీధులన్నీ గాలించాను" అని ఆసుపత్రిలో చెప్పాడు. పక్క మీంచి కదలలేని మనిషికి ఈ కబురెలా చెప్పడం, ఇంటికొచ్చాక మెల్లగా చెబుదాం అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ టీచరమ్మ ఇంటికొచ్చి, చేతికర్రతో నాలుగడుగులు వేయగలిగిన మొదటి రోజే గేటు దాకా వెళ్లి "బొగ్గూ!" అని పిలిచింది. ఆ పిలుపు విన్నాక ఆయన చెప్పడం వాయిదా వేసి లోపలికెళ్లి కూర్చున్నాడు.

వారం పోయాక ఆవిడ బొగ్గు బొమ్మ గీసి ఇచ్చింది. "మీ కొట్టు పక్క ప్రెస్సులో ఓ వంద కొట్టించండి. ఎవరికైనా కనిపిస్తే చెబుతారు." మేస్త్రి కొట్టించాడు. తనే మైదా జిగురు కాచి, వీధి వీధీ తిరిగి అంటించాడు. 'మా కుక్క తప్పిపోయింది' అన్న అక్షరాల మీద అరచెయ్యి పెట్టి రుద్దుతుంటే ఒకచోట కళ్లు తిరిగి గోడకానుకుని కూర్చుండిపోయాడు. ఎండదెబ్బ అనుకుని ఎవరో మంచినీళ్లిచ్చారు.

ఇప్పుడు ఈ కుక్కలు. "కారం చల్లండి మేస్త్రిగారూ, మళ్లీ మొహం చూపిస్తే ఒట్టు" అన్నాడు కాంపౌండరు. అరకిలో చల్లాడు. కుక్కలు తుమ్ముకుంటూ వచ్చి, తుమ్ముకుంటూనే తవ్వి వెళ్లాయి. మిగిలిన కారాన్ని వాన కడిగేసింది. నిమ్మతొక్కలు పరిచాడు, ముళ్లకొమ్మలు నరికి పేర్చాడు. గోడకి రేకు అడ్డం పెడితే దాని కిందనుంచి దూరాయి. ఒకరోజు కొట్లోంచి వచ్చేసరికి మట్టిలోంచి నీలం అంచు తొంగిచూస్తోంది. వంటింటి కిటికీ వైపు చూస్తూ, చేతుల్తోనే మట్టి లాగి కప్పేశాడు.

"కుక్కలు గులాబీ మడి కుళ్లబొడిచినా మీకు పట్టలేదు. ఆ మూల మీద మాత్రం ఎందుకండీ అంత పట్టింపు?" అంది టీచరమ్మ ఆ సాయంత్రం.

"పందికొక్కు కన్నముందక్కడ. ఆ వాసనకే వస్తున్నాయి" అన్నాడు. ఆ మాట తడుముకోకుండా వచ్చినందుకు ఆయనే బిత్తరపోయాడు.

ఆదివారం కోళ్లగూటికి కొట్టే ఇనపజాలీ తెచ్చాడు. మూలంతా నేలమీద పరిచి, అంచులు మేకులతో దిగ్గొట్టి, పైన మట్టి కప్పి ఇటుకలు పేర్చాడు. గోడ కంత సిమెంటుతో పూడ్చాడు. సిమెంటు తడారకముందే వచ్చి దూరిన కుక్కలు, గోళ్లు జాలీలో చిక్కుకునేసరికి కుయ్యిమని పరుగు లంకించుకున్నాయి. మేస్త్రి కంతని మళ్లీ పూడ్చి, వరండాలో నడుం వాల్చాడు. పీడ విరగడైందనుకున్నాడు.

ఆ సాయంత్రమే గేటు చప్పుడైంది. రంగులు వేసే పనివాడొకడు, తాడు కట్టిన నల్లకుక్కతో నిలబడ్డాడు. "అమ్మా, గోడమీద కాగితం చూశాను. మీదేనేమోనని కడిగి, అన్నం పెట్టి తెచ్చాను."

టీచరమ్మ చేతికర్ర సంగతే మర్చిపోయి, గోడ పట్టుకుంటూ పరుగులాంటి నడకతో వెళ్లింది. వంగి దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. దాని రొమ్ము మీద తెల్లమచ్చ ఉంది. చాలాసేపు అలాగే పట్టుకుని, "ఇది కాదు నాయనా" అంది.

"అనవసరంగా ఏడిపించానమ్మా" అని అతను నొచ్చుకుంటూ వెళ్లిపోయాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని మేస్త్రి వైపు తిరిగింది. మొహంలో ఎన్నాళ్లకో చిన్న వెలుగు. "చూశారా, ఎవరి కుక్కో ఏమో, అన్నం పెట్టి, కడిగి మరీ తీసుకొచ్చాడు. మన బొగ్గుని కూడా ఎవరో ఒకరు ఇలాగే చూసుకుంటూ ఉంటారు కదండీ?"

ఊఁ అంటే సరిపోయేది. నాలుగు నెలలుగా అంటున్న ఊఁ అది.

"లేదు" అన్నాడు. "అది పోయింది. పందికొక్కులకని మందు పెట్టాను. అది తవ్వుకు తినేసింది."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గేటు ఊచ పట్టుకుంది.

"ఎప్పుడు?"

"నువ్వు ఆసుపత్రిలో ఉండగా."

"మరి ఆ కాగితాలు?"

"తెలిసే అంటించాను."

"రోజూ ఇక్కడ నిలబడి పిలిచాను. మీరు లోపల కూర్చుని వింటూనే ఉన్నారు."

"విన్నాను."

"బాగా బాధపడిందా?"

"తెలీదు. నేను లేను."

"ఎవరూ లేరన్నమాట" అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

తెల్లారాక టీచరమ్మ తనే పెరట్లోకొచ్చి, ఆయన అంత కాపు కాసిన పందిరి మూల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఎంత లోతున పెట్టారు?"

"మోకాలి లోతు."

"తవ్వండి."

మేస్త్రి ఇటుకలు తీశాడు, జాలీ పీకాడు. ఆ పక్కనే కొత్త గొయ్యి మొదలుపెట్టాడు. వానలకి నేల మెత్తబడింది. నడుం లోతుకొచ్చి ఆగి చూస్తే, "ఇంకా" అంది. సూది పట్టే చేతులు, బొబ్బలు లేచి పగిలాయి. "ఇంకా" అంది. రొమ్ము లోతయ్యాక ఆవిడే చాలంది. నీలం మూటని మట్టితో సహా ఎత్తి అందులో దించాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి, నేలమీద కూర్చుని, గుప్పెడు గుప్పెడుగా మట్టి వేసింది. ఆయన పార తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నొప్పెట్టే తుంటితో గంటసేపు అలాగే వేసింది.

గోడ మీంచి కాంపౌండరు తొంగిచూశాడు. "ఏం మొక్క పెడుతున్నారక్కా?"

"మొక్క కాదు తమ్ముడూ. మా బొగ్గు."

అతను తెల్లబోయాడు. "దొరికిందా? ఎలా పోయింది?"

టీచరమ్మ తలెత్తలేదు. "ఆయన్నడుగు" అంది.

మేస్త్రి గొయ్యి అంచున నిలబడి, పగిలిన అరచేతులు పంచెకి తుడుచుకుంటూ, ఉన్నదంతా మొదటినుంచీ చెప్పాడు.