గవ్వ కట్టిన హుక్కా

నేను ఒక హుక్కాను. కొబ్బరిచిప్ప పొట్ట, చెక్క మెడ, మెడకో గవ్వ. ఆ గవ్వే నా గొప్ప. తూర్పు బెంగాలులో ఏటి ఒడ్డునున్న ఓ ఊళ్లో, మథురానాథ్ భట్టాచార్యగారి చావడి గోడకు మేం ముగ్గురం వేలాడేవాళ్లం. గవ్వ ఉన్న నేను బ్రాహ్మణులకు, ఎర్రదారం కట్టినవాడు కాయస్థులకు, బోడిమెడవాడు మిగతా కులాలకు. పడవలు నడిపే నామశూద్రులకు హుక్కాయే లేదు, వాళ్లు గడప తొక్కకూడదు. నేను చెప్పుకోకూడదు గాని, అప్పట్లో నాకూ తలబిరుసే.

పిల్లల్లేని ముసలి పండితుడు హరనాథ్ చక్రవర్తి రోజూ మధ్యాహ్నం వచ్చి నన్ను పీల్చేవారు. ఓ వైశాఖంలో ఆయన ఇసుకతిన్నె మీద ఎండకు సొమ్మసిల్లి పడిపోయారు. నితాయి అనే పడవవాడు ఏటినీళ్లు దోసిట పట్టి ఆయన గొంతులో పోశాడు. ప్రాణం నిలిచింది, కులం పోయింది.

“హరనాథ్‌కి హుక్కా బంద్” అన్నారు మథురానాథ్. మా ఊళ్లో వెలి అంటే అదే. అయినా హరనాథ్ రోజూ వచ్చి అరుగు చివర కూర్చునేవారు. నన్ను ఆయన ముందునుంచే చేతులు మార్చేవారు. ఆయన చెయ్యి కాస్త లేచి మళ్లీ ఒళ్లో పడేది. నాకు జాలేసేది. ఏం లాభం, గవ్వ ఉన్నవాణ్ని కదా, పక్క చేతిలోకే పోయేవాణ్ని.

శ్రావణంలో ఓ పొద్దున ఆయన పోయారు. వెలిపడ్డవాడి పాడెకు భుజం పట్టవచ్చా? తేల్చడానికి ఆరుగురు బ్రాహ్మణులు చావడిలో కూడారు. ఆ తొందరలో నౌకరు నాలో నీళ్లు పోయడం మరిచి, నిప్పు మాత్రం పెట్టి ఇచ్చాడు. మథురానాథ్ దమ్ము లాగారు.

నేను గుడగుడలాడాను. చుక్క నీరు లేని నా పొట్టలో ఆ చప్పుడు విని నేనే హడలిపోయాను. అడుగునుంచి చల్లగా ఏదో పైకి పాకింది. ఏటినీరు. ఇసుకా, పడవ తారూ కలిసిన వాసన. ఆయన నోరు నిండిపోయింది. ఉమ్మితే అందరూ అడుగుతారు. మింగేశారు.

“ఏంటి దాదా, అలా అయిపోయారు?”

“ఏం లేదోయ్. పొగాకు ఘాటు. నువ్వూ లాగు.”

రెండోవాడూ మింగాడు. మూడోవాడూ మింగాడు. ఆరో నోటిదాకా నీళ్లు వస్తూనే ఉన్నాయి. అందరూ మింగుతూనే ఉన్నారు.

“భుజం పట్టేది లేదు” అన్నారు మథురానాథ్ గొంతు సవరించుకుని.

గుమ్మం బయట హరనాథ్ భార్య క్షేమంకరి నిలబడి ఉంది. ఒక్కొక్కరినీ తేరిపార చూసింది.

“గడ్డాలు తుడుచుకోండి అయ్యవార్లూ, నీళ్లు కారుతున్నాయి” అంది.

తిన్నగా ఏటిగట్టుకు నడిచి, ఊరంతా వినేలా కేకేసింది.

“నితాయీ! ఆయన నోట్లో నీళ్లు పోసినవాడివి నువ్వు. కొడుకు పనీ నువ్వే చెయ్యి, నాయనా!”

నితాయి పడవ వదిలి పరుగెత్తుకొచ్చాడు. చావడిలోంచి ఒక్కరూ వద్దనలేదు.