బారసాల కాని తమ్ముడు

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో చర్చి వాళ్ళ బడిలో కూతుర్ని చేర్చినప్పుడు వైశాలికి మతం గురించి బెంగేమీ లేదు. బడి ఇంటికి దగ్గర, టీచర్లు నెమ్మదస్తులు. దేవుడు ఎవరైతేనేం, పిల్లకి నాలుగు మంచి ముక్కలు చెబితే చాలనుకుంది. ఏడేళ్ళ ఈషా ప్రార్థనలన్నీ ఇట్టే పట్టేసింది. ఇంట్లో పప్పన్నం ముందు కూడా చేతులు జోడించి అమ్మని, నాన్నని, నానమ్మని చల్లగా చూడమని జర్మన్‌లో అడిగేది. ఆ తర్వాత ఆగేది. ఖాళీ కుర్చీ వైపు చూసి పెదవులు కదిపి, అప్పుడు గాని ముద్ద ముట్టేది కాదు.

ఆ ఆగడమంటేనే వైశాలికి భయం. మూడేళ్ళ కిందట పుట్టిన మగబిడ్డ బారసాల కాకుండానే పోయాడు. "పేరు పెట్టని బిడ్డకి కర్మలుండవమ్మా. తలుచుకోకండి, తలుచుకుంటే మళ్ళీ వస్తాడు" అని అత్తగారు కౌసల్య ఫోన్లో చెప్పింది. ఊరుకున్నంత ఉత్తమం లేదని మొగుడూ పెళ్ళాం ఊరుకున్నారు. ఊరుకుంటే పోయే దుఃఖమైతే లోకంలో ఇన్ని ఏడుపులెందుకు? పిల్లకి వాడు గుర్తున్నాడో లేదో అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

నవంబరులో చనిపోయినవాళ్ళను తలుచుకునే ఆదివారం వస్తుంది. దానికి ముందే బడిపిల్లలు చర్చిలో ఒక్కొక్కరే లేచి, పోయినవాళ్ళ పేరు గట్టిగా చెప్పి కొవ్వొత్తి వెలిగిస్తారు. తల్లిదండ్రులు వెనక బల్లల మీద కూర్చుంటారు. ఆ రోజు తాతల పేర్లు వినిపించాయి. ఒకడు తన కుక్క పేరు చెబితే వైశాలికి నవ్వొచ్చింది. అంతలో ఈషా కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది.

"ఈషా" అంది స్పష్టంగా.

వైశాలి విన్నది కూతురి పేరే. తోడు కోసం అక్కని పట్టుకుపోవడానికి వాడే వచ్చాడనుకుంది. చదువుకున్న మనిషే, అయినా అలాగే అనుకుంది. బల్లల మధ్య నుంచి పరుగెత్తి కూతుర్ని వాటేసుకుంది.

"నీ పేరెందుకు చెప్పావే?"

"తమ్ముడికి పేరు లేదుగా మమ్మీ. పేరు చెప్పకుండా కొవ్వొత్తి వెలిగించనివ్వరు. అందుకే నాది ఇచ్చా. ఇంట్లో కూడా రోజూ వాడి కోసం నాదే చెప్తున్నా."

ఇన్నాళ్ళూ ఆ పసిది ఒక్కతే తమ్ముణ్ణి మోస్తోందని తెలిసి వైశాలికి సిగ్గేసింది. బిడ్డ కడుపులో ఉండగా ఎవరికీ చెప్పకుండా అనుకున్న పేరు, చర్చి అంతా వినేలా చెప్పింది.

"సృజన్."

ఈషా ఆ పేరు తనూ చెప్పి కొవ్వొత్తి వెలిగించింది. తర్వాత పక్కకి తిరిగి, ఎవరూ లేనిచోట, తన భుజం ఎత్తున చూసింది.

"ఇంక నా పేరు నాకిచ్చెయ్‌రా" అంది.

వైశాలి కూడా అటే చూసింది.