ఉప్పు చూసేవాళ్ళు లేని వంట

"ఇంతకీ ఉప్పు చూసేదెవరమ్మా?" అంది పక్కింటి సనియ్యా, గరిటె గాల్లో పట్టుకుని.

దిమియానా వంటింట్లో ఉన్న ఆడవాళ్ళందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సనియ్యాకీ ఆమె ఇద్దరు కోడళ్ళకీ రంజాన్ ఉపవాసం, తెల్లవారినప్పటి నుంచీ గుక్కెడు నీళ్ళు కూడా లేవు. దిమియానాకి ఈస్టరు ముందు వచ్చే పెద్ద ఉపవాసం. మాంసం, పాలు, నెయ్యి ముట్టదు, కోడి రసం చుక్క నాలుక్కి తగిలినా ఉపవాసం చెడినట్టే. పొయ్యి మీద చూస్తే వీధంతటికీ సరిపడా ములుఖియా ఆకు కోడి రసంలో కుతకుతలాడుతోంది. ఇన్ని నోళ్ళుండి రుచి చూసే నోరు ఒక్కటీ లేదు. ముందు చిన్న కోడలు కిసుక్కుమంది, తర్వాత అందరూ కడుపులు పట్టుకున్నారు.

ఆ రోజు దిమియానాకి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఈజిప్టులోని మిన్యా ఊళ్ళో ఆ వీధికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆమెదీ సనియ్యాదీ ఒకటే గోడ. పండగొస్తే గోడ మీంచి పళ్ళేలు అటూ ఇటూ నడుస్తాయి. క్రైస్తవుల ఉపవాసం రోజుల్లో సనియ్యా బిస్కెట్లు నెయ్యి మానేసి నూనెతో చేసి పంపేది, "నువ్వు తినాలి కదా పిల్లా" అని. ఇన్ని పళ్ళేలు నడిచినా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్క పూట తిన్న పాపాన పోలేదు. ఒకరికి తీరినప్పుడు మరొకరు మొగుడికి వడ్డిస్తూ ఉండేవారు. ఈ ఏడు రెండు ఉపవాసాలూ కలిసొచ్చాయి. పైగా దిమియానా మొగుడు వగ్దీ టీకొట్లో కూర్చుని, ఈ గురువారం సూర్యాస్తమయం విందు మా ఇంటినుంచే అని వీధంతా వినేలా ప్రకటించి వచ్చాడు. ప్రకటించడం మొగుడి వంతు, వండడం పెళ్ళాం వంతు. అయినా దిమియానాకి కోపం రాలేదు, గుండె ఎగిరి గంతేసింది. మధ్యాహ్నం దాటాక ఆమె నూనె వేసిన చిక్కుళ్ళు తినొచ్చు. ఇవాళ అదీ మానుకుంది. సనియ్యా పక్కన కూర్చుని, మసీదులోంచి వచ్చే అదే బాంగు విని, అదే ఖర్జూరంతో నోరు తెరవాలని ఆమె ఆశ. ఖర్జూరం ఇద్దరికీ చెల్లుతుంది.

ఆ మాటే పొద్దున మొగుడితో అంది. వగ్దీ అద్దంలో మీసం కత్తిరించుకుంటున్నాడు. అతనికి ఉపవాసం లేదు, కడుపులో గ్యాస్, ఆ సంగతి దేవుడికి తెలుసంటాడు.

"బల్ల దగ్గర నీకేం పనే? షేక్ గారొస్తారు, పెద్దవాళ్ళొస్తారు. మీరు కిటికీలోంచి గిన్నెలందించండి చాలు. ఆ మణికట్టు మీది శిలువ పచ్చబొట్టు కూడా కాస్త చొక్కా చేతితో కప్పుకో, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. ఆమె మొహం చూసి కాస్త మెత్తబడి, "క్రీస్తంతటివాడే శిష్యుల పాదాలు కడిగాడు ఉమ్ బిషోయ్. సేవకి సిగ్గెందుకు?" అని ముగించాడు.

కొడుకు బిషోయ్ పుట్టినప్పటి నుంచీ ఆమె పేరు ఉమ్ బిషోయ్, అంటే బిషోయ్ వాళ్ళమ్మ; అతను అబూ బిషోయ్, వాళ్ళ నాన్న. వగ్దీ నోట ఆ పాదాలు కడిగిన వాక్యం అంతకన్నా పాతది. అత్తగారు మంచాన పడినప్పుడు పాదాలు కడిగాడు క్రీస్తు. ఆడపడుచు పిల్లల్తో సహా వేసవంతా తిష్ఠ వేసినప్పుడు పాదాలు కడిగాడు. బళ్ళో పాఠాలు చెప్పొచ్చి చెప్పులైనా విప్పకుండా పొయ్యి దగ్గరికి పోతుంటే అప్పుడూ కడిగాడు. ఆమెకి ఆ వాక్యం అబద్ధమైతే ఎంత బాగుండేది! అది నిజం. అత్తగారి పగిలిన మడమలు గోరువెచ్చటి నీళ్ళలో రుద్దుతూ ఆయన పక్కనే ఉన్నాడని ఆమెకి ఒళ్ళు పులకరించిన రోజులున్నాయి. నమ్మింది కాబట్టే నోరు మెదపలేదు.

"మీ ఆయన్ని పిలవ్వే, వీధి మొత్తానికి తిండి తిన్న నోరు అదొక్కటే" అంది సనియ్యా.

వగ్దీ వచ్చాడు. రొట్టెముక్క రసంలో ముంచి, కళ్ళు మూసుకుని నమిలాడు.

"ఉప్పు తక్కువ."

పెళ్ళైన మర్నాటి నుంచీ మొదటి ముద్దకి అదే తీర్పు. "మావాడు నోరు తెరిచేలోపే ఉప్పుడబ్బా ముందుండాలి" అనేది అత్తగారు. ఎన్ని పూటలు దిమియానా తన ముద్ద వదిలి లేచిందో! అలవాటుగా ఇవాళా చెయ్యి డబ్బాలోకి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగింది. ఏం బుద్ధి పుట్టిందో, ఖాళీ వేళ్ళు బయటికి తీసి గిన్నె మీద దులిపింది. గరిటెతో గిరగిరా తిప్పింది.

"ఇప్పుడు చూడు అబూ బిషోయ్."

అతను మళ్ళీ ముంచాడు. "ఆఁ! ఇదీ రుచంటే. నేను చూడకపోతే పరువు పోయేది" అంటూ మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

 తర్వాత సనియ్యా నెమ్మదిగా, "మా ఆయన బతికున్నన్నాళ్ళూ టీలో పంచదార తక్కువన్నాడు. అల్లా ఆయన్ని చల్లగా చూడాలి గానీ, నాకిప్పుడు అనుమానంగా ఉందే" అంది. ఇక నవ్వు ఆగలేదు. దిమియానా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది, ఆ తడిలో కొంత నవ్వుది కాదు. ఇన్నేళ్ళూ దేనికి లేచింది తను? నవ్వులోంచి ఒళ్ళు మండింది, ఆ మంటలోంచే ఏదో తేలికైంది.

వెల్లుల్లి తాలింపు వేసేటప్పుడు గుండె మీద చెయ్యేసుకుని "హా!" అనకపోతే ములుఖియాకి రుచి రాదంటారు. ఆమె వేసిన "హా!"కి వీధిలో బల్లలు సర్దుతున్న మగవాళ్ళు తలలు తిప్పి చూశారు. చేతులు కడుక్కుంటూ ఉంటే ఆ పాదాల వాక్యం మళ్ళీ గుర్తొచ్చింది, దాని వెనకే దాని తర్వాతి వాక్యం కూడా. తుడుచుకోవడం మర్చిపోయి అలాగే నిలబడిపోయింది.

పొద్దు వాలింది. ఆమె నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి, చర్చికేసుకెళ్ళే నీలం కోటు తొడుక్కుంది. కోటు చేతులు మోచేతిదాకా పైకి మడిచింది.

"పద సనియ్యక్కా. కోడళ్ళూ, మీరూ రండి."

"ఎక్కడికే?"

"తినడానికి."

అందరూ వీధిలో వేసిన బల్ల దగ్గరికొచ్చారు. ముసలి షేక్ ఆమె మొహమూ, మణికట్టూ చూసి, "బిస్మిల్లా, రండమ్మా" అని పక్కకి జరిగాడు. దిమియానా కూర్చుంది. సనియ్యా ఆమెని ఆనుకుని కూర్చుంది. 

వగ్దీ ఆమె చెవి దగ్గర వంగి పళ్ళు బిగించి అన్నాడు. "వడ్డించేదెవరు? పాదాలు కడిగిన సంగతి మర్చిపోయావా?"

మసీదులోంచి బాంగు మొదలైంది. ఆమె ఒక ఖర్జూరం సనియ్యా చేతిలో పెట్టి, ఒకటి తను తీసుకుంది.

"మర్చిపోలేదు అబూ బిషోయ్. కడగడం అయ్యాక ఆయన పైవస్త్రం వేసుకుని మళ్ళీ భోజనానికి కూర్చున్నాడు. నువ్వెప్పుడూ చదవని తర్వాతి వాక్యం అదే. గరిటె పొయ్యి పక్కనే ఉంది, చూడు."