వాటీ నిలబడే చోటు

సోమవారం మర్డో గెడిస్ పదకొండు గోల్ఫ్ బంతులు కొట్టాడు. తొమ్మిది ఎడమకు బయలుదేరి, సగం దూరంలో కుడికి తిరిగి, కట్రియోనా పాతిన గుంజలు దాటి పడ్డాయి. మొదటి గుంటకు కుడిపక్క పొడుగునా రాతిగోడ ఉంటుంది, అది దాటితే బంతి పోయినట్టే. సాధన మైదానంలో ఆ గోడకు బదులు గుంజలు పాతింది.

శనివారం జోడీల పోటీ. ఇద్దరికీ ఒకే బంతి, ఒకరి తరువాత ఒకరు కొట్టాలి. ముప్పై ఒక్క ఏళ్లు మర్డోకు జోడీ వాటీ ముయిర్. మార్చిలో వాటీ పోయాడు. ఈ ఏడు పోటీకి క్లబ్బు వాళ్లు వాటీ పేరు పెట్టి, మొదటి బంతి మర్డోనే కొట్టమన్నారు. అది గోడ దాటితే ఇక కర్ర ముట్టకూడదని మర్డో నిశ్చయించుకున్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అలాంటివి చెప్పుకునే మనిషి వాటీ ఒక్కడే.

కట్రియోనా క్లబ్బులో ఆట నేర్పుతుంది. ముప్పై నిండలేదు.

"కర్ర బయట్నుంచి లోపలికి కోస్తోంది, పెద్దాయనా. కొడవలి పట్టినట్టు."

"మొదట్నుంచీ అంతే."

"మొదట్నుంచీ వాటీ వెళ్లి బంతిని గడ్డిలోంచి కొట్టి లేపేవాడు. ఇప్పుడెవరు లేపుతారు?"

ఆమె తల దించుకుని బూటుతో గడ్డి గీకింది. తరువాత అడిగింది. "ఇంట్లో మెత్తటి పెట్టె ఏదన్నా ఉందా?"

"గుడ్లది ఉంది."

మర్నాడు ఆరు గుడ్ల అట్టపెట్టె ఖాళీ చేసి తెచ్చాడు. ఒక్కడికి అది వారం వస్తుంది. కట్రియోనా దాన్ని బంతికి అవతల, నాలుగు వేళ్ల ఎడంలో, కొంచెం వెనక్కి పెట్టింది.

"బయట్నుంచి వస్తే పెట్టె పగుల్తుంది. లోపల్నుంచి వస్తే బంతి తగుల్తుంది. అంతే పాఠం."

మొదటి దెబ్బకే పెట్టె పగిలింది.

బుధవారం పొద్దున కొట్టుకు వెళ్లి ఖాళీ పెట్టెలు అడిగాడు. కొట్టు ఆవిడ ఐదు ఇచ్చింది.

"కోళ్లు పెంచుతున్నావా, మర్డో?"

"లేదు. గుడ్ల పెట్టెల్ని చంపుతున్నా."

కుడికాలు వెనక్కి జరిపి, సగం ఊపుతో, నెమ్మదిగా కొడితే పెట్టె నిలిచేది. పూర్తి ఊపు ఊపితే పగిలేది. గురువారం మధ్యాహ్నానికి మూడు పోయాయి. కట్రియోనా చుట్టూ తిరిగి చూసింది.

"కర్ర వెనక్కి తీస్తూ నడుం దగ్గరికి రాగానే పైకెత్తేస్తున్నావు. ఏదో అడ్డున్నట్టు. అక్కడ్నుంచి బయటికి తోసి కొడుతున్నావు. నీ వెనకాల ఎవరూ లేరు."

మర్డో తిరిగి చూశాడు. గడ్డి, దాని వెనక సముద్రం.

"వాటీ ఉండేవాడు," అన్నాడు.

మొదటి గుంట వైపు చూస్తే సముద్రం ఎడమ చేతివైపు. బంతి ముందు నిలబడ్డవాడి వీపుకు గాలి కొడుతుంది. ముప్పై ఒక్క ఏళ్లు వాటీ ఆ వీపు వెనక చేయి చాపితే అందేంత దూరంలో నిలబడ్డాడు. వాటీ వెడల్పాటి మనిషి. ఎవరైనా అడిగితే, "మోకాలు నొప్పి, నాకిక్కడే బావుంటుంది," అనేవాడు. కావాలని గాలికి అడ్డు నిలబడితే ఆటలో రెండు దెబ్బలు లెక్కకు కలిపి జరిమానా. అడ్డు నిలబడ్డానని వాటీ ఏనాడూ అనలేదు, మర్డో అడగలేదు. క్లబ్బులో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. మొదటి ఏడు ఒకసారి కర్ర వాటీ మోచేతికి తగిలింది. ఆ తరువాత మళ్లీ తగల్లేదు.

కట్రియోనా పగిలిన పెట్టెను కాలితో పక్కకు నెట్టింది.

"ముప్పై ఒక్క ఏళ్ల జరిమానా. సెక్రటరీకి తెలిస్తే కప్పులన్నీ వెనక్కి లాక్కుంటాడు."

"వాడికీ తెలుసు."

"అయితే రేపు కర్రని అక్కడికే పోనీ. వాటీ ఉండే చోట్లోంచి."

శుక్రవారం మర్డో ఒక్కడే వచ్చాడు. మిగిలినవి రెండు పెట్టెలు. మొదటి ఊపులో కర్ర నడుము దాటుతుంటే భుజాలు బిగిశాయి. పెట్టె పగిలింది. రెండో పెట్టె పెట్టి, బంతి లేకుండా, ఆ చోట్లోంచి కర్రను వెనక్కి తీసి, ముందుకు తెచ్చి, మళ్లీ తీశాడు. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. కర్రకు ఏదీ తగల్లేదు. తరువాత బంతి పెట్టి కొట్టాడు. సాయంత్రానికి నలభై బంతులు అయ్యాయి. పెట్టె అలాగే ఉంది.

శనివారం గాలి ఎక్కువగా ఉంది. అతనికి కొత్త జోడీ సెక్రటరీ గిల్‌క్రిస్ట్. నియమాల పుస్తకం కోటు జేబులో పెట్టుకు తిరిగే మనిషి. పాతికమంది చూస్తున్నారు. మర్డో బంతి పెట్టి నిలబడ్డాడు. వీపుకు గాలి ఆగిపోయింది. చూస్తే వెనక గిల్‌క్రిస్ట్.

"అటు నిలబడు, సెక్రటరీగారూ."

"నాకిక్కడే బావుంది."

"ఎందుకు బావుంది?"

గిల్‌క్రిస్ట్ సముద్రం వైపు చూశాడు. "మోకాలు అనుకో."

"రెండు దెబ్బలు పడతాయి. ఆ నియమం రాసి బోర్డు మీద అంటించింది నువ్వే."

గిల్‌క్రిస్ట్ పక్కకు జరిగాడు. గాలి మళ్లీ వీపుకు తగిలింది. మర్డో కర్ర వెనక్కి తీశాడు. వాటీ ఉండే చోట్లోంచి అది ఆగకుండా పోయింది, ఆగకుండా తిరిగి వచ్చింది. బంతి నేరుగా వెళ్లి, గాలికి కొద్దిగా కుడికి ఒరిగి, పచ్చిక మధ్య పడింది. జనం చప్పట్లు కొట్టారు.

"గడ్డిలో నాకు పని లేకుండా చేశావు," అన్నాడు గిల్‌క్రిస్ట్.

మర్డో సంచి భుజాన వేసుకుని నడిచాడు. పది అడుగులు వేశాక చూసుకుంటే గోడవైపు వెళ్తున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు అటే వెళ్లారు, వాటీ తిడుతూ ముందు, తను వెనక. ఆగి, బంతి ఉన్న మధ్యలోకి తిరిగాడు.