దండాలందుకున్న పనసపీట

ఏమోయ్, నిన్నే! అటక మీది జంతికల డబ్బా కోసం నా మీదికెక్కావు, సరే. నేనెవరికీ చెప్పనులే. ఇంత బరువు మోస్తున్నందుకు నా కథ మాత్రం విని దిగు. నేను ఒక పనసచెక్క పీటని. ఒకప్పుడు జనం నా ముందు సాష్టాంగపడేవారు. నవ్వకు, డబ్బా జారుతుంది.

అనకాపల్లి దగ్గర ఒక వడ్రంగి నన్ను పరదేశమ్మ పెళ్లికి చెక్కాడు. ఆవిడ బెల్లం వ్యాపారుల ఇంటి కోడలు. భర్త పోయాక వ్యాపారం తనే నడిపి రెట్టింపు చేసింది. అంతవరకూ ఊరు మెచ్చుకుంది. తర్వాత దాలయ్య అనే నేతగాణ్ణీ, అతని వెంటున్న జనాన్నీ చేరదీసింది. ఇక చూడు గొడవ!

వాళ్లు గుడికి వెళ్లరు, ముహూర్తాలు చూడరు. ఏ కులమైనా ఒకే బంతిలో తింటారు. దేవుడికి రూపం లేదంటూ ఒక ఉత్త పీట వేసి, తత్వాలు పాడి, దానికి మొక్కుతారు. రూపం లేని దేవుడికైనా మనుషులు పీట వేయకుండా ఉండలేరు మరి! ఏ ఊరూ వాళ్లను నిలవనివ్వలేదు. పరదేశమ్మ బెల్లం వండే శాల ఇచ్చింది, బియ్యం పంపింది, ఆ మొక్కుల పీటగా నన్నూ పంపింది.

ఆ శాలలో సగం వాటా ఆవిడ మరిది సన్యాసినాయుడిది. గుడి పెద్దలు అతన్ని ఎగదోశారు: వాళ్లను తరిమెయ్యి, లేకపోతే మీ ఇంటిని వెలేస్తాం! నాయుడు కర్ర పట్టుకుని వచ్చాడు. లోపల పాట సాగుతోంది.

"ఏటొదినా ఇది? గుడి మానీసి ఈళ్లకి కూడెడతన్నావా? ఇప్పుడే ఎల్లిపొమ్మను!"

"కేకలెందుకు మరిదీ? పాటయ్యీదాకా కూకో."

పెద్దమనిషి నేల మీద కూర్చుంటాడా? ఎదురుగా కనిపించిన నా మీద చతికిలబడ్డాడు! దాలయ్య చూసి కూడా పాట ఆపలేదు. అడుగుపెట్టిన ప్రతిచోటా "లే, లే" అనిపించుకున్నవాళ్లు కదా, కూర్చున్న మనిషిని లేవమనకూడదన్నది వాళ్ల నియమం. ఈలోగా తత్వం అయిపోయింది. అయిపోతే పీటకి మొక్కాలి. శాలలో జనమంతా ఒక్కసారిగా సాష్టాంగపడ్డారు.

నాయుడు తెల్లబోయాడు. తర్వాత మెల్లగా కర్ర పక్కన పెట్టి, మీసం సవరించుకుని, చెయ్యెత్తి దీవించాడు కూడా!

"మంచి మర్యాదస్తులొదినా ఈళ్లు. ఉండనీ," అన్నాడు.

పరదేశమ్మ గుండెల మీద బరువు దిగిపోయింది. మరిది వీధి మలుపు తిరిగేదాకా ఆగి, గోడకి చేరబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నాయుడు అప్పటినుంచి వారం వారం వచ్చి, నా మీద కూర్చుని, దండాలందుకుని వెళ్లేవాడు. పరదేశమ్మ ఆ ముచ్చట కనబడిన ఆడవాళ్లందరికీ చెప్పి నవ్వించింది. "దండాల రుచి మరిగిన వెర్రివాడితో ఏం వాదిస్తాం?" అని గుడి పెద్దలు చేతులు దులుపుకున్నారు. వెలి మాట మళ్లీ ఎత్తలేదు. దాలయ్య మనుషులు ఆ ఊళ్లోనే ఇళ్లు కట్టుకున్నారు, పిల్లల పెళ్లిళ్లు చేశారు.

ఇద్దరికీ తలలు నెరిశాక ఒకనాడు పరదేశమ్మ నోరు ఊరుకోలేదు.

"ఏటి సన్నాసిబాబూ, ఇన్నాళ్లూ ఆ దండాలు నీకే అనుకున్నావేటి? పీటకయ్యా, పీటకి!"

నాయుడు నా మీద కూర్చునే చుట్ట ముట్టించాడు.

"తెల్దేటొదినా? మా ఇంట్లో నానొస్తే పిల్లి కూడా లెగదు. ఇంతమంది నాకు దండవెడతారా? కానీ కర్రట్టుకుని వచ్చినోణ్ణి ఒక్కడూ లెగమన్నేదు. అలాటోళ్లని నానెలాగ లెగగొడతాను?"

"మరైతే ఇన్నాళ్లూ నాకో ముక్క సెప్పొచ్చు గదా!"

"నాను ఎర్రోణ్ణని ఊరు నమ్మితేనే గదొదినా వెలి తప్పీది. ఊరు నమ్మాలంటే ముందు నువ్వు నమ్మాల!"