కాలే జెండాకు రంగు

గీతాంజలి పంతొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయి నాలుగు రోజులైంది.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక చిన్న స్టూడియో కోసం ఆమె బొమ్మసంద్రలో అద్దెగదిలో కూర్చుని సైనిక సాహసాల కామిక్స్‌కు బొమ్మలు వేస్తుంది. ఈ కథలో శత్రువులు మన సరిహద్దు చౌకీని పట్టుకుని జెండాకు నిప్పంటిస్తారు. మేజర్ ఒక్కడే వచ్చి వాళ్లందరినీ మట్టుబెడతాడు. తుపాకులు, మంచుకొండలు, మేజర్ కోపం అన్నీ కుదిరాయి. జెండా దగ్గరే చెయ్యి ఆడడం లేదు. కాషాయం మీద మంట రంగు వేస్తే రెండూ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి, ఏది బట్టో ఏది నిప్పో తెలియడం లేదు. చూస్తూ ఉంటే కంప్యూటర్ తెర మీద ఆ బట్ట మెల్లగా ఊపిరి పీలుస్తున్నట్టుంది.

బయట సన్నటి జల్లు పడుతోంది. ఇంటి యజమాని పెద్దమునియప్ప జామకాయలు ఇవ్వడానికి పైకొచ్చాడు. ఇరవై రెండేళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా రిటైరైన మనిషి.

"ఏమ్మా, జెండాకి నిప్పు పెట్టేసినావే?"

"నేను కాదు తాతా, కథలో శత్రువులు. జెండా కాలడం మీరెప్పుడైనా చూశారా?"

"చూసేదేమి, నేనే కాల్చినా."

ఆమె పెన్ను కింద పెట్టింది.

"కొండ మీద గాలికి జెండా తొందరగా పీలికలైపోతాదమ్మా. చినిగింది ఎగరేయకూడదు, యాడంటే ఆడ పారేయకూడదు. ఎవురూ చూడని చోట మర్యాదగా మొత్తం కాల్చేయల్ల. అది పద్ధతి. మా సుబేదారు, నేను, కదిరోడు తిరుపాలు, ముగ్గురం పొద్దన్నే మంచులో నిలబడి కాల్చినాము. తిరుపాలు కండ్లు తుడుచుకున్నాడు. ఏమిరా అంటే పొగ అన్నాడు. గాలంతా అవతలికి కొడతా ఉంటే వానికి పొగ యాడ ఉండాది?"

ఆయన వెళ్లాక గీతాంజలి కళ్లు మూసుకుంది. తెల్లటి మంచు, ముగ్గురు మనుషులు, చప్పుడు లేని మంట. ఎంతసేపు ఆ కొండ మీదే ఉండిపోయిందో ఆమెకే తెలియదు. కళ్లు తెరిచి పేజీ అంతా చెరిపేసింది. కొత్తగా వేసిన పేజీలో మేజర్ చౌకీని తిరిగి గెలుచుకుంటాడు. తూట్లు పడిన జెండాను దించి, ఇద్దరు జవాన్ల ముందు తానే కాల్చి, కొత్తది ఎగరేస్తాడు.

పేజీ అందగానే ఎడిటర్ అమరనాథ్ ఫోన్ చేశాడు.

"గీతాంజలీ, స్క్రిప్ట్‌లో ఇది లేదు కదా. ఎవడో ఈ ఒక్క పేజీ ఫొటో తీసి నెట్‌లో పెడతాడు. మన మేజరే జెండా కాల్చాడంటారు. కింద రాసిన మాటలు ఎవరు చదువుతారు? శత్రువు కాలిస్తే రీడర్‌కి కోపం వస్తుంది. మనకు కావాల్సింది అదే."

"కోపమేనా సార్? కళ్లలో నీళ్లు రాకూడదా?"

అవతల అమరనాథ్ పేజీని మళ్లీ తెరిచిన మౌస్ చప్పుడు వినిపించింది.

"మంట కనపడకుండా వెయ్యగలవా?"

వేసింది. పేజీ నిండా మూడు ముఖాలు, కింద నుంచి వాటి మీద పడే వెలుగు, అంతే. ఆ వెలుగుకు రంగు కలపడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు ఒక కాపీ పెద్దమునియప్ప చేతిలో పెట్టింది. ఆయన మెట్ల మీద కూర్చుని, కాల్పుల పేజీలు గబగబా తిప్పేశాడు. పంతొమ్మిదో పేజీ దగ్గర వేలు ఆగింది. తర్వాత మోకాలు పట్టుకుని నెమ్మదిగా లేచి, పుస్తకం రెండు చేతుల్లో అలాగే ఉంచుకుని, నిటారుగా నిలబడ్డాడు.

పక్క మెట్టు మీద నుంచి గీతాంజలి కూడా లేచింది.